జీవుల వర్గీకరణ కార్డుల పెట్టె: నిచ్చెన బాగుంది, రంగు గీతలే కొంప ముంచాయి

కాకినాడలో మా ఇంటి ముందు గదిలో ఇంటర్ మొదటి సంవత్సరం బైపీసీ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఏటా కాలేజీలు తెరవగానే నాకు మొదట ఎదురయ్యేది జీవుల వర్గీకరణ. పిల్లలు నీరసపడిపోయేదీ ఇక్కడే. పొరిఫెరా నుంచి కార్డేటా దాకా పదకొండు జంతు వర్గాలు, ఒక్కోదానికి అయిదారు ఉదాహరణలు, అవీ నోరు తిరగని పేర్లు. సీబీఎస్‌ఈలో చదివొచ్చిన పిల్లల సంగతి మరీ కష్టం. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలు కుదించినప్పుడు తొమ్మిదో తరగతి సైన్సులోంచి ఈ పాఠం తీసేశారు. పదకొండులో అడుగుపెట్టేసరికి అన్నీ ఒకేసారి మీద పడతాయి. నీట్‌లో 720 మార్కులకు 360 బయాలజీవే, కాబట్టి వదిలేద్దామన్నా కుదరదు. అందుకే ఈ కార్డుల పెట్టె కనబడగానే 749 రూపాయలు పెట్టి తెప్పించాను. మూడున్నర నక్షత్రాలు ఇచ్చే వీలుంటే అంతే ఇచ్చేదాన్ని. లేదు కాబట్టి మూడు.

ముందు పెట్టెలో ఏముందో చెబుతాను. పేక ముక్కల కంటే కాస్త పెద్దవి 140 కార్డులు. ముందు వైపు ఫొటో, తెలుగు పేరు, కింద ఇంగ్లీషు అక్షరాల్లో శాస్త్రీయ నామం. వెనక అన్నిటికంటే పెద్ద గుంపైన రాజ్యం నుంచి అన్నిటికంటే చిన్నదైన జాతి దాకా ఏడు మెట్లు, నాలుగు ముఖ్య లక్షణాలు, ఒక చిన్న బొమ్మ. ఇవి కాక మందపాటి అట్ట మీద అచ్చేసిన 'ప్రశ్నల నిచ్చెన', గోడకు తగిలించే అయిదు రాజ్యాల చార్టు, ఎలా వాడాలో చెప్పే పల్చటి పుస్తకం. చార్టు, పుస్తకం అటక మీద పడేసినా నష్టం లేదు. మనం డబ్బు పెట్టేది ఆ నిచ్చెనకే.

నిచ్చెన అంటే వరసగా ప్రశ్నలు. కణంలో కేంద్రకం ఉందా? లేకపోతే మోనెరా, అంటే బాక్టీరియాల రాజ్యం, అక్కడితో ఆ కార్డు పని అయిపోయింది. ఉంటే, ఒకటే కణమా, చాలా కణాలా? కణకవచం ఉందా? తిండి తనే తయారు చేసుకుంటుందా, బయటి నుంచి పీల్చుకుంటుందా, మింగుతుందా? 1969లో విట్టేకర్ అనే శాస్త్రవేత్త జీవుల్ని అయిదు రాజ్యాలుగా విడగొట్టినప్పుడు చూసినవి ఇలాంటివే: కణ నిర్మాణం, శరీర నిర్మాణం, పోషణ విధానం, ప్రత్యుత్పత్తి, పరిణామ సంబంధాలు. ఈ అయిదు మాటల్నీ మామూలుగా పిల్లలు పరీక్ష కోసం బట్టీ కొట్టి వదిలేస్తారు. నిచ్చెన ముందు కూర్చోబెడితే అవే ప్రశ్నలు వాళ్ళ నోటి నుంచి వస్తాయి. మా దగ్గర ఒక కుర్రాడు పుట్టగొడుగు కార్డు పట్టుకుని "ఇది కదలదు, మొక్కే" అని తేల్చేశాడు. పక్కనున్న అమ్మాయి ఊరుకోలేదు. "మరి పచ్చగా లేదు కదరా, తిండెలా చేసుకుంటుంది?" అంది. వాడు కార్డు వెనక్కి తిప్పబోతే చెయ్యి పట్టుకుని ఆపేసింది. నేను నోరు మెదపాల్సిన పనే లేకపోయింది. ఒక్క ఈ ముక్కకే పెట్టె ఖరీదులో సగం వసూలైందని నా లెక్క.

జంతువుల వైపు నిచ్చెన ఇంకా బాగుంది. కణజాలాలు ఏర్పడ్డాయా, శరీర సౌష్టవం ఎలాంటిది (ఒళ్ళు రెండు పక్కలా ఒకేలా ఉందా, చుట్టూరా ఒకేలా ఉందా), శరీరకుహరం ఉందా, దేహం ఖండితాలుగా ఉందా, పృష్ఠవంశం (వీపు వైపు ఆధారంగా ఉండే కడ్డీ) ఉందా అని ఒక్కో మెట్టూ ఎక్కిస్తుంది. దీని విలువ తెలియాలంటే మూడు కార్డులు తీసి పిల్లల ముందు పడెయ్యండి: బద్దెపురుగు, ఏలికపాము, వానపాము. చూపుకి మూడూ పొడుగ్గా, మెత్తగా ఉంటాయి. బద్దెపురుగు ఒళ్ళంతా ముక్కలు ముక్కలుగా కనబడుతుంది కాబట్టి దాన్ని తీసుకెళ్ళి వానపాము పక్కన పెట్టని పిల్లలు అరుదు. నిచ్చెన మాత్రం ముక్కల సంగతి తర్వాత చూద్దాం, ముందు ఒంట్లో ఖాళీ ఉందో లేదో చెప్పమంటుంది. కార్డు వెనక ఉన్న అడ్డుకోత బొమ్మ అప్పుడు పనికొస్తుంది. బద్దెపురుగులో శరీరకుహరమే లేదు, లోపలంతా నిండుగా ఉంటుంది: ప్లాటిహెల్మింథిస్. ఏలికపాములో ఖాళీ ఉంది గానీ దానికి మధ్యస్త్వచం, అంటే మధ్య పొర, పూర్తి అస్తరు వెయ్యదు, అది మిథ్యాకుహరం: ఆస్కెల్మింథిస్. వానపాముకి నిజమైన శరీరకుహరం, దానిపైన లోపలా బయటా కలిసొచ్చే ఖండితాలు: అనెలిడా. మూడు పురుగులు, మూడు వర్గాలు. బోదకాలు తెచ్చే వుకరేరియా ఎక్కడికి వెళ్తుందని అడిగితే, ఏలికపాము పక్కకే అని ఆ రోజు అందరూ చెప్పారు. గోదావరి జిల్లాల పిల్లలకు బోదకాలు గురించి వేరే చెప్పక్కర్లేదు కదా.

అడ్డుకోత బొమ్మలు ఇంత శుభ్రంగా వేసినవాళ్ళు కార్డు అంచుల దగ్గర ఎందుకంత తెలివితక్కువ పని చేశారో నాకు అర్థం కాలేదు. ప్రతి కార్డుకీ ఎడమ అంచున ఒక రంగు గీత పెట్టారు. ఆర్థ్రోపొడాకి నారింజ, మొలస్కాకి నీలం, అనెలిడాకి గులాబి, ఇలా. సర్దుకోవడానికి సులువుగా ఉంటుందని పెట్టి ఉంటారు. కానీ పదిహేనేళ్ళ పిల్లలు మనకంటే గడుసువాళ్ళు. కాసేపటికే గీత రంగు చూసి కార్డులు పంచెయ్యడం మొదలుపెట్టారు. జలగ, నీరిస్ అనే సముద్రపు పురుగు ఒకచోట ఎందుకు పెట్టావంటే "రెండూ పింక్ మేడం" అన్నాడు ఒకడు. నిచ్చెన ఇచ్చిన లాభాన్నంతా ఈ గీత తినేస్తుంది. కొనేవాళ్ళకి నా సలహా: ముందు స్టేషనరీ షాపులో నల్ల టేపు కొనుక్కొచ్చి గీతలన్నీ కప్పెయ్యండి. సర్దుకోవడానికి వెనక మూలన పెన్సిల్‌తో నంబర్లు రాసుకుంటే సరిపోతుంది. టేపు వేశాక ఇదే పెట్టె వేరే పెట్టెలా పనిచేసింది.

కార్డుల్లో ఫొటోలు చాలావరకు పెద్దగా, స్పష్టంగా ఉన్నాయి. అయినా ఫొటో ఫొటోయే. మాకు ఇక్కడ హార్బరు ఉంది, చేపల మార్కెట్ ఉంది కాబట్టి సొర, టేకు చేప, వంజరం, పీత, రొయ్య కార్డులు పట్టుకుని ఒక ఆదివారం పొద్దున్నే పిల్లల్ని తీసుకెళ్ళాను. చేపలమ్మే ఆవిడ "ఏంటి మేడంగారూ, కార్డులిచ్చి చేపలు పట్టుకెళ్తారా?" అని నవ్వింది. వంజరం బుగ్గ మీద మూత ఎత్తి చూపించమంటే ఎత్తింది, కింద ఎర్రగా మొప్పలు. సొర పిల్లకి ఆ మూతే లేదు, మెడ పక్కన చాకుతో గీసినట్టు వరసగా చీలికలు. టేకుకి ఆ చీలికలు పొట్ట వైపున్నాయి, నోరూ అక్కడే. సొర తోలు మీద తోక వైపు నుంచి తల వైపుకి వేలితో రాయమన్నాను. గరుకు కాగితంలా తగిలేసరికి ఒకమ్మాయి చెయ్యి లాగేసుకుంది. ఆ గరుకుతనం ప్లాకాయిడ్ పొలుసులది. మృదులాస్థి చేపలకు గాలితిత్తి ఉండదు, మునిగిపోకుండా ఉండాలంటే ఈదుతూనే ఉండాలి. ఇదంతా కార్డు వెనక కూడా రాసుంది, ఒక్క తప్పు లేకుండా. కాకపోతే అక్కడ చదివితే అది ఒక లైను, అంతే.

రొయ్యల్ని తల తియ్యకుండా ఇమ్మని అరకిలో తెచ్చాను. ఇంటికొచ్చాక స్టీలు పళ్ళెంలో ఒకదాన్ని వెల్లకిలా పెట్టి కాళ్ళు లెక్కపెట్టించాను. నడిచే కాళ్ళు అయిదు జతలు, పొట్ట కింద ఈదే కాళ్ళు అయిదు జతలు, తల ముందు స్పర్శశృంగాలు రెండు జతలు. బొద్దింక కార్డు పక్కన పెట్టుకుంటే అక్కడ స్పర్శశృంగాలు ఒకటే జత, కాళ్ళు మూడు జతలు. రెండూ ఆర్థ్రోపొడాయే అయినా కింది మెట్టులో ఎందుకు విడిపోతాయో ఇంక వేరే చెప్పాల్సిన పని లేదు. కార్డు మీది రొయ్య ఫొటో మాత్రం పక్క నుంచి తీసింది, కాళ్ళు సగం కనబడవు. లెక్కపెట్టాల్సిన జంతువుని పక్క నుంచి ఎవరైనా తీస్తారా! ఆ అరకిలో సాయంత్రం వేపుడైంది, అది వేరే సంగతి.

మొక్కల కార్డులు నాసిరకం. మొత్తం 140లో వాటికి మూడో వంతు కూడా దక్కలేదు. శైవలాల ఫొటోలు ఒక పచ్చ నాచుకీ ఇంకో పచ్చ నాచుకీ తేడా తెలియకుండా ఉన్నాయి. గోధుమ శైవలాలకి రంగునిచ్చేది ఫ్యూకోజాంథిన్, ఎర్ర వాటికి ఫైకోఎరిత్రిన్ అని వెనక రాసి, ముందు రంగు తేలిపోయిన ఫొటో వేస్తే పిల్లాడికి ఏం బుర్రకెక్కుతుంది? ఫెర్న్ ఆకు పైవైపు ఫొటో వేశారు. తిప్పి అడుగు వైపు చూపిస్తేనే కదా వరసగా గోధుమరంగు చుక్కలు, అంటే సిద్ధబీజాశయాల గుంపులు కనబడేవి. మా పెరట్లో కుండీలో ఉన్న ఫెర్న్ ఆకు తుంచి చూపించాను కాబట్టి గడిచింది.

ఇందులో లేనిదీ, మా తీరం పిల్లలకు తప్పకుండా ఉండాల్సిందీ ఒక కార్డుంది. పైనస్ (పైన్ చెట్టు) కార్డు తియ్యగానే "ఇది సరుగుడు చెట్టే కదా మేడం, బీచ్ రోడ్డులో ఉంటాయి" అన్నారు పిల్లలు. అనరూ మరి? సూదుల్లా ఆకులు, చిన్న చిన్న శంకువుల్లాంటి కాయలు. ఇద్దర్నీ పంపి సరుగుడు రెమ్మ తెప్పించాను. ఆకు అనుకుంటున్న ఆ సూదిని రెండు చేతులతో పట్టుకుని లాగితే కణుపు దగ్గర టక్కున ఊడొస్తుంది. ఊడిన చోట చుట్టూ కంటికి ఆననంత చిన్నవి, రంపపు పళ్ళలాంటివి కనబడతాయి. అసలు ఆకులు అవీ. సూది అనుకున్నది సన్నటి కొమ్మ. సరుగుడు పూలు పూసే ఆవృతబీజం, పైనస్ గింజలు కాయలో దాగకుండా బయటికే ఉండే వివృతబీజం, రెండిటికీ మధ్య చాలా దూరం. ఈ రెండు కార్డులూ పక్కపక్కన ఉంటే ఎంత బాగుండేది. దానికి బదులు నాలుగు రకాల పైన్ చెట్లు ఇచ్చారు, ఎవరు చూడొచ్చారని.

వంకాయ, బంగాళాదుంప, టమాటా, ఉమ్మెత్త కార్డులు ఒకే కుటుంబంలో పెట్టడం మాత్రం భేషుగ్గా ఉంది. మా వీధి చివర ఖాళీ స్థలంలో కామంచి మొక్క ఉంటే, పువ్వు చూసి "ఇది వంకాయ చుట్టమేనా?" అని ఒక పిల్ల అడిగింది. సొలనేసీనే. అలాగే మామిడి, జీడిమామిడి రెండూ అనకార్డియేసీ. పిల్లలు ఆశ్చర్యపోతారనుకున్నాను గానీ, "పేరులోనే ఉంది కదా మేడం" అని తీసిపారేశారు.

ఇక తప్పులు. ఇంత ఖరీదు పెట్టాక ఇవి ఉండకూడదు. నాస్టాక్ కార్డుని శైవలాల్లో కలిపి మొక్కల్లో వేశారు. దానికి కేంద్రకం లేదు, అది మోనెరా. వాళ్ళ నిచ్చెనలో మొదటి ప్రశ్నకే అది దొరికిపోతుంది, అచ్చేసేముందు ఒక్కసారి ఆడి చూసుకున్నా సరిపోయేది. సరీసృపాలన్నిటికీ గుండెలో మూడు గదులు అని మొసలి కార్డు వెనక కూడా అదే అచ్చేశారు. మొసలికి నాలుగు, పరీక్షలో అడిగేదే ఆ ఒక్క మినహాయింపు. ఫైసాలియాని జెల్లీఫిష్ అన్నారు. జెల్లీఫిష్ ఉండే సీలెంటరేటా వర్గమే గానీ అది ఒకటే జంతువు కాదు, బోలెడు జీవులు కలిసి ఒకటిగా తేలే సహనివేశం. చార్టులో వైరస్‌ల్ని అయిదు రాజ్యాల బయట పెట్టడం సరిగ్గానే ఉంది. శిలీంధ్రం, శైవలం కలిసి బతికే లైకెన్లని మాత్రం శిలీంధ్రాల గడిలో కుక్కి ఊరుకున్నారు, శైవలం కూడా అందులో సగభాగమని ఒక్క ముక్క రాయలేదు. 1990లో ఊస్ అనే శాస్త్రవేత్త ప్రతిపాదించిన, రాజ్యాలకీ పైమెట్టైన మూడు డొమైన్ల ఊసే లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోనే ఆ మాట ఉన్నప్పుడు చార్టులో ఒక మూల చోటు దొరకదా?

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది నిచ్చెనలోనే, సముద్ర నక్షత్రం దగ్గర వచ్చింది. సౌష్టవం ప్రశ్నకి 'వలయ' అని చెబితే నిచ్చెన నేరుగా జెల్లీఫిష్ కొమ్మకి పంపేస్తుంది. సముద్ర నక్షత్రానికి పెద్దయ్యాక వలయ సౌష్టవం, లార్వాగా ఉన్నప్పుడు ద్విపార్శ్వ సౌష్టవం. సముద్ర నక్షత్రం ఉండే ఎఖైనోడెర్మేటా వర్గం గురించి పరీక్షల్లో తిప్పి తిప్పి అడిగే సంగతి ఇదే. వాళ్ళ నిచ్చెన ఎక్కితే అది సీలెంటరేటాలో తేలుతుంది! నేను ఆ మెట్టు పక్కన స్కెచ్ పెన్‌తో 'నాళికా పాదాలు ఉన్నాయా?' అని ఇంకో ప్రశ్న రాసుకున్నాను. ఉంటే పక్క దారి. జెల్లీఫిష్, స్టార్‌ఫిష్, సిల్వర్‌ఫిష్, కటిల్‌ఫిష్ నాలుగూ నాలుగు వేరు వేరు వర్గాలు, ఒక్కటీ చేప కాదు అని చూపించే ఆట ఈ మార్పు తర్వాతే కుదిరింది.

శాస్త్రీయ నామాలు అచ్చేసిన తీరు చూస్తే ఒళ్ళు మండింది. ప్రజాతి పేరు పెద్దక్షరంతో, జాతి పేరు చిన్నక్షరంతో మొదలవ్వాలి. అచ్చులో రెండూ ఏటవాలుగా ఉండాలి, చేత్తో రాస్తే రెండిటి కింద విడివిడిగా గీత గియ్యాలి. మొక్కల పేర్లకు 1753, జంతువుల పేర్లకు 1758, లినేయస్ పుస్తకాల నుంచి నడుస్తున్న పద్ధతి ఇది. పెట్టెలో మాంజిఫెరా ఇండికా, అంటే మామిడి, కార్డు మీద ఇండికా కూడా పెద్దక్షరంతోనే ఉంది, నిటారు అచ్చు. పిల్లలు చూసినట్టే రాస్తారు. అలా రాసి మార్కు పోతే వాళ్ళ టెన్షన్ వినాల్సింది మనమే. అన్ని కార్డులూ ఇలా లేవు, అదో వింత. జంతువులవి చాలావరకు సరిగ్గా ఉన్నాయి, మొక్కలవే ఇష్టం వచ్చినట్టు అచ్చేశారు. రెండు భాగాలూ ఇద్దరు వేరు వేరు మనుషులు చేసి, ఒకరిదొకరు చూసుకోలేదని నా అనుమానం.

అట్ట నాణ్యతకి వంక పెట్టను. కాఫీ పడ్డా తుడిస్తే పోయింది, మూలలు ఇంకా నలగలేదు. పెట్టె మూత మాత్రం వారానికే చిరిగింది, కార్డులిప్పుడు పాత స్వీటు డబ్బాలో ఉంటున్నాయి. క్యూఆర్ కోడ్ కొడితే వచ్చే వీడియోలు వెనక ఉన్న నాలుగు లైన్లనే సంగీతం పెట్టి చదువుతాయి, చూడక్కర్లేదు.

ఎవరు కొనొచ్చు? ట్యూషన్ చెప్పేవాళ్ళు, కాలేజీ లెక్చరర్లు, సైన్సు చదివిన తల్లిదండ్రులు నిక్షేపంగా కొనండి. పక్కన కూర్చుని 'ఎందుకు?' అని అడిగే మనిషి ఉంటేనే ఇది పనిచేస్తుంది. పిల్లాడి చేతికిచ్చి చదువుకోమంటే వాడు గీతల రంగులూ, వెనకున్న తప్పులూ కలిపి నేర్చుకుంటాడు. నీట్‌కి నెల ముందు రివిజన్ కోసమైతే అసలు వద్దు, అప్పుడు పుస్తకమే దిక్కు.

తప్పుల జాబితా రాసి కంపెనీకి మెయిల్ పెట్టాను. రెండు వారాలకి పోస్టులో స్టిక్కర్ల షీటు పంపారు, డబ్బులేమీ తీసుకోలేదు, ఆ మర్యాదకి సంతోషం. నాస్టాక్, మొసలి సరిచేశారు, మామిడి పేరు కూడా. ఫైసాలియాకి కొత్త స్టిక్కర్ వచ్చింది, దాని మీద ఇంకా పెద్ద అక్షరాలతో జెల్లీఫిష్ అని ఉంది. సముద్ర నక్షత్రం మెట్టు సంగతి ఎత్తనే లేదు. కొత్తగా కొనేవాళ్ళు పెట్టె అడుగున ముద్రణ ఏదో చూసుకోండి. మొదటి ముద్రణ అయితే స్టిక్కర్లు లోపల ఉండవు, బిల్లు ఫొటో జతచేసి మెయిల్‌లో అడిగితే పంపుతున్నారు.